యవనసముద్రయానమునకు పుస్తకములు, పటములు



ఈ మాసము మేము వ్రాయబూనిన విషయము గోదావరిఖని నివాసినులకు తగినది కాదని కొందఱు నవ్వవచ్చును. మాకు సముద్రము లేదు. ఉన్నవి గోదావరి, బొగ్గుగనులు, రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. అయినను గడచిన నెల మా యింట పదిదినములపాటు సముద్రపు మాట తప్ప వేఱుమాట లేకుండెను. కారణము వినుడు.

మా అక్కగారి కుమార్తె జర్మనీదేశమున చదువుచున్నది. వేసవి సెలవులలో నలుగురు స్నేహితురాండ్రతో గూడి, గ్రీకుదేశపు పడమటి ద్వీపముల నడుమ తెరచాప నావలో ఎనిమిది దినములు తిరుగ నిశ్చయించి తల్లికి ఫోను చేసినది. నావ అద్దెది. నడుపుటకు యోగ్యతాపత్రము గల యొక సరంగు వారితో నుండునట. అక్కగారు ఆ రాత్రి అన్నము ముట్టలేదు. మఱునాడుదయమే బావగారిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చి, "నీవు చదివినదానవు. నీ మాట వినును. వద్దని చెప్పుము" అని కన్నీరు పెట్టుకొనిరి.

మేము వద్దని చెప్పలేదు. పిల్లను పిలిచి, "ఏ పుస్తకములు, ఏ పటములు దగ్గఱ నుంచుకొనుచున్నావు?" అని మాత్రమే అడిగితిమి.

"చిన్నమ్మా, అన్నీ ఫోనుల్నే ఉన్నయి కదా! పుస్తకాలెందుకు?" అన్నది.

మూల కుర్చీలో మాటలేక కూర్చున్న బావగారు అప్పుడు తలయెత్తిరి. వారు గనిలో సర్వే పని చేయువారు. "బాయిల దిగెటోనికి ప్లాను ఎట్లనో, సముద్రం మీద పోయెటోనికి పటం గట్లనే. అది ఎప్పుడు దిద్దిన పటమో అడుగుండ్రి" అనిరి.

ఈ మాటలోని బరువు మా ఊరి స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2003 జూన్ 16న ఇచ్చటి 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. మేమప్పటికి బడిపిల్లలము. ఆ సాయంకాలము మా వీధిలో ఏ యింటను పొయ్యి రాజలేదు. అంతకు పూర్వము 1975 డిసెంబరు 27న ధన్‌బాదు సమీపమున చస్నాలా గనిలో, పైభాగమందలి పాతత్రవ్వకములలో నిలిచిన నీరు క్రిందికి విఱుచుకొనిపడి 370 మందికి పైగా మడిసిరి. భూగర్భమున పాతత్రవ్వకము ఎంతదూరమున నున్నదో కంటికి కానరాదు. సముద్రమున నీటిక్రింది బండయు కానరాదు. కానరానిదానిని కాగితముపై కనబఱచుటయే పటము చేయు పని. కాబట్టి పటములో తప్పున్నను, పాతబడినను, ఉన్నదానిని చూడకపోయినను ముప్పు ఒక్కటియే.

ఇక పటమునకును, నావికులు పైలట్ పుస్తకమనెడి మార్గదర్శినికిని భేదమేమి? పటము లోతులను, బండలను, దీపస్తంభములను చూపును. పుస్తకము, ఏ గాలికి ఏ రేవు చాటగునో, అడుగున ఇసుకయో బురదయో నాచో, లంగరు పట్టునో జాఱునో, మంచినీరు ఎచ్చట దొరకునో చెప్పును. ఇల్లు కట్టునపుడు వేసిన నక్ష యొకటి, ఆ యింట చిరకాలము కాపురము చేసిన అత్తగారి మాట యొకటి. కోడలికి రెండును కావలెను.

ఇట్టి పుస్తకములు మనకు క్రొత్తవి కావు. కిష్కింధాకాండమున సుగ్రీవుడు వానరులకు నాలుగుదిక్కుల నదులను, పర్వతములను, ద్వీపములను వరుసగ వివరించి పంపును. ఇదంతయు నీకెట్లు తెలియునని తరువాత రాముడడుగగా, వాలికి వెఱచి భూమియంతయు తిరిగితినని సుగ్రీవుడు బదులు చెప్పును. మార్గదర్శిని వ్రాయువానికి కావలసిన యోగ్యత ఇదియే. తాను పోయి చూచినవాడై యుండవలెను.

యవనులకును ఈ విద్య ప్రాచీనమే. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' అను గ్రంథము మన తీరములను వర్ణించినది. భరుకచ్ఛపు నదీముఖము ప్రమాదకరమనియు, స్థానికులైన జాలరులు ఎదురువచ్చి నావలను లోనికి తీసికొనిపోవుదురనియు అందు కలదు. మన కృష్ణాతీరప్రాంతమును మసాలియా అని పేర్కొని, అచ్చట సన్నని నూలుబట్టలు విస్తారముగ నేయుదురని చెప్పినది. రెండువేల యేండ్లక్రిందట యవనులు మన తీరమును తెలిసికొనుటకు పుస్తకము వ్రాసికొనిరి. నేడు మన పిల్ల వారి తీరమునకు పోవుచు పుస్తకమెందుకని అడుగుచున్నది!

మేమును, మా వారును కూర్చుండి ఆమెకు వ్రాసి పంపిన మాటలివి.

మొదటిది, పోవు ప్రదేశమును బట్టి పుస్తకము నెన్నుకొనవలెను. రాడ్ హైకెల్‌గారి 'గ్రీక్ వాటర్స్ పైలట్' గ్రీకుజలములకంతటికిని పేరుపడిన పుస్తకము. తరువాతి ముద్రణములపై లూసిండా హైకెల్‌గారి పేరును కలదు. దీనిని అచ్చువేయు ఇమ్రే సంస్థవారు పడమటి ద్వీపములకు మాత్రమే 'అయోనియన్' అను వేఱొక చిన్నపుస్తకమును వెలువరించుచున్నారు. ఎనిమిది దినములలో ఒక్కభాగమునే చూచువారికి చిన్నదే మేలు. ఏలయన, ఏజియన్ సముద్రమున జూలై, ఆగస్టు మాసములలో మెల్టెమి అను ఉత్తరపుగాలి దినములతరబడి తీవ్రముగ వీచును. కోర్ఫు, లెఫ్కాడా, ఇథాకా, కెఫలోనియా ద్వీపములున్న పడమటిదిక్కున సాధారణముగ మధ్యాహ్నమునకు వాయవ్యపుగాలి లేచి రాత్రికి అణగును. క్రొత్తవారికి ఈ పడమటిదిక్కే తగినది. ఈ భేదమును పటము చెప్పదు, పుస్తకము చెప్పును.

రెండవది, ముద్రణసంవత్సరము చూడవలెను. రేవులో క్రొత్తగోడ కట్టబడును, దీపము మార్చబడును, పూడిక చేరును. పాతపుస్తకము చవుకగ దొరకునని కొనరాదు. పుస్తకమునకును పటమునకును అచ్చయిన పిదప వెలువడు సవరణలుండును. వానిని తెచ్చి కలముతో దిద్దుకొనవలెను. బావగారు అడిగినది ఇదియే.

మూడవది, పటపు పరిమాణము. ద్వీపసముదాయమంతయు ఒక్కకాగితముపై చూపు పటము దారికి పనికివచ్చును గాని రేవు చొచ్చుటకు చాలదు. ఇమ్రేవారి జి-11 ఉత్తరపు అయోనియన్ ద్వీపములకును, జి-12 దక్షిణపు ద్వీపములకును ఉద్దేశింపబడినవి. రేవులకు వేఱుగ పెద్దపరిమాణపు చిత్రములు చూడవలెను. గ్రీకు నౌకాదళపు జలమాపనశాఖవారును పటములు ప్రకటించుచున్నారు. మన దేశమున ఈ పని దెహ్రాదూన్‌లోని నౌకాదళ జలమాపన కార్యాలయమువారు చేయుచున్నారు.

నాలుగవది, కొలతలు. పాత ఆంగ్లపటములలో లోతు ఫాథములలో నుండెడిది. ఫాథమనగా ఆఱడుగులు, మన బారవంటిది. ఇప్పటి పటములలో మీటరులుండును. రెండు మీటరులను రెండు బారలనుకొన్న నావ నేలకు తగులును. పటము తెఱచినంతనే లోతు ఏ కొలతలో నున్నదో చదువవలెను.

అయిదవది, ఫోనులోని పటమును కాదనము. అది నావ యున్నచోటును తత్క్షణమే చూపును. కాని 2014 నవంబరు 29న లోకమును చుట్టు పందెములోని 'వెస్టాస్ విండ్' అను నావ, మారిషసునకు ఈశాన్యమున కార్గాడోస్ కారాజోస్ దిబ్బలపై పడి చెడినది. అందు నేర్పరులైన నావికులు, మంచి యంత్రములు ఉండెను. తెరపై పటమును తగినంత పెద్దదిగ చేసి చూడకపోవుటచే దిబ్బలు కంటబడలేదు. దైవకృపచే తొమ్మండుగురును బ్రతికిరి. 2000 సెప్టెంబరు 26న గ్రీకుదేశములోనే 'ఎక్స్‌ప్రెస్ సమీనా' అను ప్రయాణికుల ఓడ పారోస్ ద్వీపముకడ బండలకు తగిలి మునిగి 80 మందికి పైగా మరణించిరి. ఆ బండలు నీటిపైకి కానవచ్చునవి, పటములందును ఉన్నవే! చూచువారు లేకుండిరి. కావున యంత్రమును, కాగితమును, మనుష్యుని కన్నును మూడును కావలెను. ఫోను నీటబడినను, శక్తి యుడిగినను కాగితము మిగులును.

ఇంత వ్రాసిన పిదప అక్కగారు, "ఇన్ని ప్రమాదములు చెప్పి పంపుమందువా?" అని అడిగిరి. అప్పుడు మేము తారిణి సంగతి చెప్పితిమి. మన నౌకాదళమునకు చెందిన ఆఱుగురు స్త్రీలు ఆ తెరచాప నావలో 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేఱి, భూగోళమును చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చిరి. నాయకురాలు వర్తికా జోషిగారు. విశాఖపట్టణపు స్వాతిగారును, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్యగారును అందుండిరి. ఇరువురును మన తెలుగు ఆడపడుచులే. ప్రమాదము తెలియనందున వారు పోలేదు, తెలిసికొని, నేర్చుకొని పోయిరి.

అక్కగారు చాలసేపు ఊరకుండిరి. "నీ బావ ముప్పదియేండ్లుగ బాయిలోనికి దిగుచున్నాడు. నేను వద్దనలేదు, ప్లాను చూచుకొమ్మనియు ఎన్నడు చెప్పలేదు. భయపడుచు గుమ్మమున కూర్చుంటిని" అనిరి. ఆ రాత్రి తామే కుమార్తెకు ఫోను చేసిరి. "పోయి రా బిడ్డా. పుస్తకాల పైసలు నేను పంపుత. రోజూ రాత్రి లంగరేసినంక ఏ రేవుల ఉన్నవో పేరు చెప్పు" అనిరి.

పిల్ల పుస్తకమొకటి, పటములు రెండు కొన్నది. రెండవప్రతి అక్కగారి కోరికపై ఇచ్చటికి వచ్చినది. ఇప్పుడది వారి వంటింటి గోడకు వ్రేలాడుచున్నది. బావగారు మొదట చూచినది అందలి సవరణతేదీని. అక్కగారు ఇథాకా పేరు కూడబలుకుకొని చదువుట నేర్చిరి.

సోదరీమణులారా, మన బిడ్డలు దూరమునకు పోవుదురు. గుమ్మమున కూర్చుండి భయపడుట మన తల్లులు నేర్పిన విద్య. వారు పోవు దారిపటమును మనమును చదువుట మనము నేర్వవలసిన విద్య. పటము చదువగలిగిన తల్లికి భయము పోదు గాని, దేనికి భయపడవలెనో, దేనికి అక్కఱలేదో తెలియును. అదియే సగము ధైర్యము.