మా ఇంట్లో మనిషే!

“మిమ్మల్ని టీచరులా చూడమండీ, మా ఇంట్లో మనిషిలా చూసుకుంటాం” అని ఎవరైనా అంటే, “వద్దండీ, టీచరులాగే చూడండి, చాలు” అని అప్పటికప్పుడే చెప్పెయ్యండి. నేను చెప్పలేకపోయాను. మొహమాటం! ఆ మొహమాటం నాకు ఏడాదిన్నర ఖరీదు చేసింది.

మాది రాయచోటి. మా వీధిలో కువైట్ వెళ్ళొచ్చిన మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. నేను మాత్రం హైదరాబాదు ఇఫ్లూలో స్పానిష్ చదివాను. “ఆ బాస ఎవురు మాట్లాడతారు మే?” అంది మా అవ్వ. “ఇరవై దేశాల్లో మాట్లాడతారవ్వా” అన్నాను గర్వంగా. “మన ఊర్లో ఒక్కరూ మాట్లాడరు గదా!” అంది. అవ్వ మాటే నిజమైంది. ఊళ్ళో ఉద్యోగం లేదు. అప్పుడే ఒక తెలుగు కుటుంబం కబురు పెట్టింది. భర్తకు వ్యాపార రీత్యా దేశదేశాలు తిరిగే పని. మొదట మాడ్రిడ్, తరవాత మెక్సికో. ఇద్దరు పిల్లలకు స్పానిష్ చెప్పాలి, వాళ్ళతోనే ఉండాలి, వాళ్ళతోనే తిరగాలి. రోజుకు రెండు గంటల పాఠం. తిండీ, గదీ వాళ్ళవే కనుక జీతం కాస్త తక్కువ. విమానం ఎక్కడమే మహాభాగ్యం అనుకుని ఎక్కేశాను.

స్పానిష్‌లో “మీ” అంటే “నా” అని అర్థం. “మీ కాసా” అంటే “నా ఇల్లు”. మొదటి పాఠంలో ఇది విని పిల్లలు పడిపడి నవ్వారు. మొదటి రోజే వాళ్ళమ్మగారు “ఇది మీ ఇల్లే అనుకోండి” అన్నారు. ఆ “మీ” తెలుగు మీ కాదు, స్పానిష్ మీ అని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

వారం తిరిగేసరికి “మీరు” కాస్తా “నువ్వు” అయింది. “పిల్లలతో ఆ భాషలోనే మాట్లాడుతూ ఉండు, అదే వస్తుంది” అన్నారు. అంటే పిల్లలు కళ్ళు తెరిచింది మొదలు నిద్రపోయేదాకా నేను పక్కన ఉండాలన్నమాట. కూరగాయల బజారులో బేరానికి నేను. కుళాయి బాగుచేసేవాడు వస్తే మాట్లాడ్డానికి నేను. అర్ధరాత్రి చిన్నవాడికి జ్వరం వస్తే డాక్టరుకు చెప్పడానికీ నేనే. జ్వరమప్పుడు లేవనని ఎవరంటారు? లేచాను. కానీ మర్నాడు పొద్దున పాఠం మాత్రం ఆగలేదు. అతిథులు వచ్చిన రోజు భోజనాల బల్ల దగ్గర నా కుర్చీ వాళ్ళకు కావలసి వచ్చేది. నేను వంటింట్లో తినేదాన్ని. ఇంట్లో మనిషికి మర్యాదలేమిటి!

ఒకసారి ధైర్యం చేసి ఆదివారం సెలవడిగాను. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. “ఇంట్లో మనిషికి సెలవేమిటమ్మా? నేను తీసుకుంటున్నానా?” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఆవిడకూ సెలవు లేదు. అసలు రహస్యం ఇక్కడే ఉంది చూడండి. ఇల్లాలి పనికి వేళా, జీతం, సెలవూ లేవు; దానికి ప్రేమ అని పేరు పెట్టాం. ఆ పేరునే జీతానికొచ్చిన మనిషికి కూడా తగిలిస్తే అదీ చవగ్గా వస్తుంది. మనకు జరిగిన అన్యాయాన్నే కొలమానంగా పెట్టుకుని ఇంకో ఆడదాని పనిని కొలుస్తున్నాం.

ఈ జబ్బు మనతో మొదలైంది కాదు. “జేన్ ఐర్” నవల రాసిన షార్లెట్ బ్రాంటీ కూడా ధనవంతుల ఇళ్ళల్లో ఉండి పిల్లలకు చదువు చెప్పింది. 1839లో చెల్లెలికి రాసిన ఉత్తరంలో, పంతులమ్మను బతికున్న మనిషిగానే లెక్కచెయ్యరని వాపోయింది. అటు యజమానులతో పొత్తు లేదు, ఇటు నౌకర్లతో పొత్తు లేదు. ఇలాంటి పంతులమ్మలు ముసలితనంలో దిక్కులేక పోతుంటే వాళ్ళను ఆదుకోవడానికి లండనులో 1843లో ఒక సంఘమే పెట్టవలసి వచ్చింది.

సెలవులకు ఊరొచ్చినప్పుడు మా ఎదురింటి అక్క నన్ను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు వేసింది. కువైట్‌లో ఇంటిపని చేసొచ్చిన మనిషి ఆమె. “దినానికి ఎన్ని గంటలు పని? వారానికి సెలవుందా? పాసుపోర్టు ఎవురి దగ్గరుంది?” ఒక్కదానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. పాస్‌పోర్టు “భద్రంగా” అమ్మగారి బీరువాలో ఉంది. “ఇంత సదువు సదివి ఇదేం పని మే!” అంది అక్క.

ఆమె అడిగినవి గాలిలోంచి పుట్టినవి కావు. కువైట్‌లో ఇంటిపనివాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించగూడదు, వారానికొక రోజు సెలవివ్వాలి, సమ్మతి లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోగూడదు. ప్రతి ఇంట్లోనూ అది అమలవుతోందని నేననను; మా ఊరి ఆడవాళ్ళ కన్నీళ్ళు నాకు తెలుసు. కానీ “ఇది తప్పు” అని వేలెత్తి చూపడానికి ఒక కాగితం ఉంది. యం.ఎ. చదివిన నాకు ఆ మాత్రం కాగితం కూడా లేదు! అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక ప్రకారమైతే, యజమాని ఇంట్లోనే ఉండే పనిమనిషి సెలవు రోజున ఆ ఇంట్లోనే పడి ఉండనక్కర్లేదు. దానికి అనుకూలంగా ఓటు వేసిన మన దేశం, ఇంతవరకూ దాన్ని ఆమోదించనే లేదు.

“అన్నిటికీ కాగితాలా? అభిమానాలు ఏమైపోయాయి?” అంటారు మీరు. పెళ్ళికి కూడా లగ్నపత్రిక రాసుకునే జాతి మనది. రాసుకున్నంత మాత్రాన ప్రేమ తగ్గిందా? గంటలు, సెలవు, జీతం, తిరుగు ప్రయాణం ఖర్చు — ఈ నాలుగూ ముందే రాసుకుంటే ఆ తరవాత చూపించే అభిమానం నిజమైన అభిమానమవుతుంది. రాయనిచోట అభిమానమంతా బాకీ ఎగ్గొట్టే ఎత్తే.

నా కథ ఎలా ముగిసిందంటారా? వాళ్ళకు బ్రెజిల్ వెళ్ళవలసి వచ్చింది. అక్కడ పోర్చుగీసు మాట్లాడతారు. వారం రోజుల్లో నన్ను పంపించేశారు, టిక్కెట్టు డబ్బు ఆఖరి జీతంలో పట్టుకుని మరీ. భాష మారిందని ఇంట్లో మనిషిని మార్చుకునేవాళ్ళను మీరెక్కడైనా చూశారా?

ఇప్పుడు రాయచోటిలోనే కూర్చుని ఫోనులో గంట లెక్కన పాఠాలు చెబుతున్నాను. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు నెలలో సెలవు రోజులు క్యాలెండరు మీద ఎర్ర సిరాతో చుట్టిపెట్టాను. మొదట్లో నొచ్చుకుంది. “ఏమ్మా, నేను మీ ఇంట్లో మనిషిని కానా?” అంది.

“కాదు. నీకు నీ ఇల్లుంది” అన్నాను.