గాలము ఏ దేశపుదైనను చేప మన చెరువుదే కావలెను

కొన్ని వారముల క్రిందట ఒక సాయంకాలము మేము అంగడి లెక్కలు చూచుకొనుచుండగా, మన సంఘమునకు చెందిన యువకుడొకడు వచ్చి, తపాలాలో తెప్పించుకొన్న పెట్టె నొకదానిని బల్లపై విప్పెను. అందు రబ్బరుతో చేసిన కప్పబొమ్మలు నాలుగు, రంగు పూసిన చేపబొమ్మలు రెండు, సన్నని దారము చుట్టిన రీలు ఒకటి కలవు. గాలపు సామగ్రిని కూర్చుకొనుట మాకును చిరకాలపు వ్యసనమే గనుక, వానిని ఒక్కొక్కటిగా చేతికి తీసికొని చూచి మెచ్చుకొంటిమి. అంతట ఆ యువకుడు, "మామా, ఈ కప్పలను అమెరికావారు బాసు అను చేప కొరకు చేసినారట. ఆ చేపపిల్లలనే ఎక్కడనైనను సంపాదించి మన చెరువులో విడిచితిమా, రెండేండ్లలో మన ఊరే అమెరికా యగును!" అనెను. మేము నవ్వి ఊరకుంటిమి. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆనాడు వానికి చెప్పవలసి యుండియు చెప్పలేకపోయిన మాటను, వానివంటి తమ్ముళ్లందరును వినునట్లు ఈ పత్రికలో వ్రాయుచున్నాము.

మొదట గాలపు సరదాను గూర్చి ఒక మాట. పని లేనివాడే గాలము వేయునని మన పెద్దలలో కొందరందురు. మేము దాని నొప్పము. ముప్పది ఏండ్లుగా ఆదివారము అంగడి మూసి చెరువు గట్టున కూర్చుండుచున్నాము. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు వానలు పడి పడమటి కనుమల నీరు దిగివచ్చినపుడు చెరువు ఏ మూల మొదట నిండునో, ఏ తూము కారుచున్నదో, అలుగు ప్రక్కన మన్ను ఎంత కోసికొనిపోయినదో, ఎండకాలమున ఏ మడుగు చివరివరకు నిలుచునో గాలము వేయువానికి తెలిసినట్లు మరియొకనికి తెలియదు. నీటిని కన్నార్పక చూచుచు కూర్చుండుట యే ఆ సరదాలోని సగము పని. ఓర్పు నేర్పునట్టి ఇట్టి బడి వర్తకునికి వేరొకటి లేదని మా నమ్మకము.

ఇక సామగ్రి మాట. మాకు మొదటి గాలపు కర్ర మా తాతగారి వెదురు కర్ర. నూలు దారము పేని, తుమికి కాయల రసము పట్టించి, నీటికి చీకకుండునట్లు చేసిన గాలపు త్రాడు దానితోకూడ వచ్చినది. జీలుగ బెండు ముక్కయు, నెమలి ఈక కాడయు నీటిపై తేలుచు చేప కొరికిన జాడ తెలుపుచుండెడివి. ఎర యనగా గట్టున త్రవ్విన వానపాము. 1938లో అమెరికాలో నైలానును లోకమునకు ప్రకటించిన తరువాత నూలు త్రాడు క్రమముగా మూలబడెను. ఫిన్లాండు దేశమున లౌరి రపాలా అను పల్లెకారుడు 1936లో బెరడు చెక్కి చిన్న చేపబొమ్మను చేసెను. నేడు ఆ పేరు గల బొమ్మలు మన రాజపాళయపు కుర్రవాండ్ర పెట్టెలలోను ఉన్నవి. అమెరికాలో జేమ్సు హెడ్డను అనునాతడు పూర్వము కొయ్యతో చెక్కిన కప్పబొమ్మల కొరకు ప్రోగుచేయువారు నేడు ఎంత ధనమైనను ఇత్తురు. అట్టి పాత ఎరబొమ్మలను కూర్చువారు 1976లో తమకొక సంఘమునే పెట్టుకొనిరి. మా యొద్ద అంత విలువగల వస్తువులు లేవు. అంగడి సొరుగులలో మూడు పాత ఇత్తడి రీళ్లు, రెండు వందలకు పైబడిన గాలములు, తాతగారి వెదురు కర్ర మాత్రము కలవు. ఇంటివారు అవి చూచి చీవాట్లు పెట్టుచునే యుందురు.

మన నీటికి గాలపు శాస్త్రము క్రొత్త కాదు. మద్రాసు సివిలు సర్వీసులో పనిచేసిన హెచ్.యస్. థామసు అను దొర 1873లో భారతదేశపు గాలపు వేటను గూర్చియు, 1887లో ప్రత్యేకముగా మన చెరువులలో గాలము వేయుటను గూర్చియు గ్రంథములు వ్రాసెను. మందుగుండు ప్రేల్చియు, నీట విషము కలిపియు చేపలను చంపుట నేరమని 1897 నాటి భారత మత్స్య చట్టము విధించినది. అనగా, చేపను పట్టుటకు తగిన పద్ధతియు తగని పద్ధతియు కలవని నూరేండ్లకు పూర్వమే తెలిసినవారు తెలిసికొనిరి.

బాసు చేప విషయమునకు వత్తము. అది అమెరికా మంచినీటి చేప. నోరు పెద్దది, నాచు చాటున పొంచియుండి, పైన కదలిన కప్పనో చిన్న చేపనో ఎగిరి పట్టును. 1881లో హెన్షాలు అను వైద్యుడు దానిని గూర్చి గ్రంథము వ్రాసిన నాటినుండి దాని కీర్తి పెరిగినది. 1932లో జార్జియా రాష్ట్రమున జార్జి పెర్రీ అను యువకుడు ఇరువదిరెండు పౌనుల నాలుగు ఔన్సుల బాసును పట్టెను. రే స్కాటు అనునాతడు 1968లో బాసు వేటకాండ్ర సంఘమును స్థాపించి, 1972 నుండి పోటీలో పట్టిన చేపను చంపక తిరిగి నీట విడువవలెనను మర్యాదను వ్యాపింపజేసెను. ఈ మర్యాదను మనము తప్పక దిగుమతి చేసికొనవచ్చును. చేపను మాత్రము వలదు.

ఏల వలదందుమా, జపానువారి అనుభవము వినుడు. 1925లో ఆకబోషి తెత్సుమ అను ధనికుడు అమెరికా నుండి బాసును తెచ్చి ఆషీ సరస్సున విడిచెను. తరువాత సరదాగాండ్రు దానిని సరస్సునుండి సరస్సునకు మోసికొనిపోయిరి. ఆ దేశపు అతిపెద్ద సరస్సగు బీవాలో 2009లో కురిత మనాబు అనునాతడు పెర్రీ పట్టిన చేపకు సరితూగు బాసును పట్టి లోకమంతట పేరు పొందెను. కాని ఆ బీవా సరస్సుననే తరతరములుగా జాలరులకు జీవనాధారమైన నాటు చేపలు క్షీణించినవి. తుదకు 2005లో అమలునకు వచ్చిన చట్టముచే బాసును పెంచుట, తరలించుట, విడుచుట జపానులో నిషిద్ధమయ్యెను. బాసు కుటుంబపుదే యగు బ్లూగిలు అను చేపను 1960లో అమెరికాకు వెళ్లిన యువరాజు అకిహితోకు చికాగో నగరాధ్యక్షుడు బహూకరించెను. ఆహారమునకు పనికివచ్చునని తెచ్చిన ఆ చేపయు సరస్సులను ఆక్రమించెను. చక్రవర్తియైన పిమ్మట 2007లో అకిహితో తాను తెచ్చిన చేప వలన కలిగిన నష్టమునకు తన మనసు నొచ్చుచున్నదని బహిరంగముగా చెప్పెను. చక్రవర్తియే తప్పు ఒప్పుకొనగా, మంసాపురపు వర్తకుడు ఒప్పుకొనుటకు సిగ్గుపడ నేల?

మా తప్పు ఇది. సుమారు ఇరువది ఏండ్ల క్రిందట పొరుగూరి నుండి వచ్చిన ఒక విక్రేత వద్ద చేపపిల్లలను కొని, చెరువునకు ఎగువన వాగు గట్టుననున్న మా తోట బావిలో విడిచితిమి. నాటు మార్పు చేప యనియే మా తలంపు. అవి ఆఫ్రికా జాతివి. వాని పెంపకమును భారత ప్రభుత్వము 2000లోనే నిషేధించినదని మేము తెలిసికొనలేదు, తెలిసికొనవలెనని అడుగనును లేదు. రెండేండ్లు తిరుగక మునుపే బావిలో పరిగె లేదు, కప్ప లేదు. ఒక కార్తికమున ఎడతెగని వాన కురిసి బావి నిండి పొరలెను. నీరు పల్లమెరుగునని మన పెద్దలన్నారు. నీటి వెంట చేపయు పల్లమెరిగెను. మరుసటి యేడు చెరువున మా గాలమునకే అట్టి మీసాల చేప తగులగా గట్టున నిలువున చెమర్చితిమి. అది మా బావిదే యని నిరూపింపజాలము, కాదనియు చెప్పజాలము. అట్టి చేపలు ఇతరుల చేతులమీదుగాను నలుదెసల చెరువులకు చేరినవి. అయినను ఆ చేప కన్నులు నేటికిని మమ్ము విడువలేదు.

అదియొకటేనా? 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియాను, ఇచట జిలేబి మీను అని పిలుచుదానిని, ఎరుగని చెరువు కలదా? తల్లి గ్రుడ్లను నోటనే పొదుగును, ఏట పలుమార్లు ఈనును. బీదవానికి చౌకగా దొరకుచున్నదను మాట నిజమే. కాని గాలము వేసినంతనే అదియే తగులుచుండ, మా చిన్ననాట బుట్టలకొలది దొరకిన పరిగెలు నేడు ఒకటి రెండే కనబడుచున్నవి.

ఇచట ఒక తెలివైన తమ్ముడు మమ్మిట్లడుగవచ్చును: "మనమును వెలుపలనుండి వచ్చినవారమే గదా మామా! విజయనగరపు రోజులలోను నాయకుల కాలమునను తెలుగు నేలనుండి వచ్చి ఇచట నిలిచితిమి. మనకు చోటిచ్చిన నేల చేపకు చోటీయరాదా?" ప్రశ్న మంచిదే. మా సమాధానము వినుడు. మన పూర్వులు వచ్చిన చోట ఇరుగుపొరుగు భాష నేర్చిరి, వారి పండుగకు పోయిరి, వారిని మన పండుగకు పిలిచిరి, గట్టు తెగిన రాత్రి వారితో పాటు మన్ను మోసిరి. ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకుచు నేటికిని అట్లే బ్రతుకుచున్నాము. మనుష్యుడు ఇచ్చిపుచ్చుకొనును. చేప నోరు తెరచునది మ్రింగుటకే. నీటిలో నున్నది మత్స్యన్యాయము; అచట బలవంతుని తెచ్చి విడిచి, బలహీనునితో సఖ్యముగ నుండుమని బోధింపజాలము. మెల్లగా వచ్చి ఇమిడినవారమైన మనకే, ఇముడని దాని వలని కీడు ఎక్కువగా తెలియవలెను.

మరి ఆ యువకుని కప్పబొమ్మలు వ్యర్థమా? కానే కావు. మన కొర్రమీను ఉన్నది గదా! ఇచటివారు విరాలు అనెడిదియు, తెలంగాణము తన రాష్ట్ర మత్స్యముగా ప్రకటించుకొన్నదియు ఈ చేపయే. అదియు బాసు వలెనే నాచు చాటున పొంచి యుండును, కప్పను చూచి ఎగురును, గాలి పీల్చుటకు పైకి వచ్చి తన చోటు తానే తెలుపును. బాసు కొరకు చేసిన రబ్బరు కప్ప కొర్రమీనునకు అతికినట్లు సరిపోవును. మీదుమిక్కిలి దానికి బాసునకు తీసిపోని గృహధర్మము కలదు: ఎర్రని పిల్లల గుంపు నీటిపై బంతివలె తిరుగుచుండగా తల్లిదండ్రులు క్రిందనుండి కావలి కాయును. ఇంటివద్ద ఇట్టి చేప యుండగా పరదేశమున వెదకుట ఏమి?

కావున మన సంఘపు సరదాగాండ్రకు మా మనవులు ఇవి. విదేశపు చేపను, గాజు తొట్టిలో పెంచి విసిగిన రంగు చేపనైనను, చెరువునను బావిలోను విడువరాదు. ఆఫ్రికా మీసాల చేప గాలమునకు తగిలినచో తిరిగి నీట వేయరాదు. పిల్లల గుంపును కాచుచున్న కొర్రమీనుపై గాలము వేయరాదు. తల్లి పోయిన పిల్లలు పూటలో ఇతర చేపల పాలగును. చెరువు గుత్త తీసికొన్నవాని యనుమతి లేక గట్టెక్కరాదు. తెగిన నైలాను దారమును గట్టున పారవేయక ఇంటికి తేవలెను. కొంగల కాళ్లకు చుట్టుకొన్న దారమును మేము చేతులార విప్పియున్నాము. 2021లో పులుల అభయారణ్యమైన శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై అడవిలోని ఏరులను వాని మానాన విడిచిపెట్టవలెను.

పిల్లలను వెంట తీసికొనిపోవుడు. ఎర, బెండు, గాలము, తూము, అలుగు, పరిగె, జెల్ల, కొర్రమీను అను మాటలు పుస్తకమున వ్రాసి బట్టీ పట్టించినచో నిలువవు; గట్టున చూపి పలికించినచో మరువరు. చేప పోయినచో దాని పేరును పోవును. మన భాషను నిలుపుకొనగోరు మనకు ఇది చిన్న మాట కాదు.

వచ్చే ఆదివారము ఆ యువకుని తన పెట్టెతో గట్టునకు రమ్మని కబురంపినాము. తాతగారి వెదురు కర్రయు వచ్చును. వాని రబ్బరు కప్ప గెలుచునో, మా వానపాము గెలుచునో చూతము. ఏది గెలిచినను చేప మాత్రము మన చెరువుదే యగుగాక.