లోపం లేనివాడు అల్లాహ్ ఒక్కడే

ఏ పనినైనా చక్కగా చేయమని ఇస్లాం బోధిస్తుంది. దానినే ఇహ్సాన్ అంటాము. అయితే చక్కగా చేయాలన్న తపన వేరు, ఎన్నడూ తప్పు జరుగరాదన్న భయం వేరు. తపన మనిషిని నడిపిస్తుంది, భయం కదలనివ్వదు. ఈ తేడా తెలియక మన ఇళ్లలో ఎందరో పిల్లలు నలిగిపోతున్నారు.

మా మల్యాలలో అస్ర్ నమాజ్ ముగియగానే పిల్లలు ఫుట్‌బాల్ ఆటకు పరుగెత్తుతారు. వారిలో ఒక బాలుడు గోల్ ముందు నిలిచి కూడా బంతిని బయటకు కొట్టినాడు. ఆటలో అది నిత్యం జరిగేదే. అయినా మరునాటి నుండి అతడు మైదానానికి రావడం మానివేసినాడు. పాఠం వేళ కూడా, తజ్వీద్‌లో తప్పు దొర్లుతుందేమోనన్న జంకుతో గొంతు విప్పడు. మైదానమైనా, మద్రసా అయినా జబ్బు ఒక్కటే.

ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ పఠించేవారికి రెండింతల పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (స) తెలిపినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించినారు. తడబాటును చూసి అల్లాహ్ తన దాసుని గెంటివేయడు. ఆ శ్రమకు విలువ కడతాడు.

దైవప్రవక్త (స) వారి ఒంటె అద్‌బాను పరుగులో మించినది ఉండేది కాదు. ఒకనాడు ఒక ఎడారివాసి తన ఒంటెపై వచ్చి దానిని దాటివేసినాడు. సహాబాలు నొచ్చుకున్నారు. లోకంలో పైకెదిగిన ప్రతిదానిని కిందికి దించడం అల్లాహ్ నియమమని ఆయన (స) వారికి బోధించినారు. బుఖారీ గ్రంథంలోని ఈ ఉదంతం ఆటలో ఓడిన ప్రతి బిడ్డకూ చెప్పదగినది.

మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ ఉపాధ్యాయుడు. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన నిర్వహించేవారు. లోపాన్ని దాచుకుంటే అది అలాగే ఉండిపోతుంది. నలుగురిలో దానితోనే ఆడితే బలపడుతుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడింది. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే జట్టును 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీమ్ సాహెబ్ 1963 జూన్‌లో కన్నుమూసినారు. తొలి ఓటమికే కుంగిపోయి ఉంటే ఆ పతకం దక్కేదా?

తపనకు కూడా హద్దు ఉండాలి. అజాన్ వినబడగానే బంతిని వదలి రాగలిగితే ఆట పిల్లవాని చేతిలో ఉన్నట్లు. రాలేకపోతే పిల్లవాడే ఆట చేతిలో చిక్కినట్లు. ఓడిన రాత్రి అన్నం ముట్టకపోవడం, తోటివారిని నిందించడం కూడా ఆ చెరకు గుర్తులే.

తల్లిదండ్రులారా! బిడ్డ ఇంటికి రాగానే "గెలిచినావా, ఓడినావా?" అని అడగడం మనకు అలవాటు. "బేటా, ఈ రోజు ఏమి నేర్చుకున్నావు?" అని అడిగి చూడండి. పొరుగింటి పిల్లవానితో పోల్చకండి. తప్పు జరిగిన చోటనే మరునాడు మళ్లీ నిలబడే ధైర్యం ఇవ్వండి. దాసుని వంతు శ్రమ, సహనం. ఫలితం అల్లాహ్ చేతిలోనిది.

మన బిడ్డలకు పనిలో ఇహ్సాన్‌ను, ఓటమిలో సబ్ర్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.