కణము గుమ్మమున కావలి

మన పేగుల లోపలి పొర నాలుగైదు రోజులకొకమారు కొత్తదవుతూ ఉంటుందంటే కొందరు పాఠకులు నవ్వవచ్చును. కాని అది నిజము. ఆ పొర గుంటల అడుగున ఉండే మూలకణములు అహర్నిశలు కొత్త కణములను పుట్టిస్తూ ఉంటవి. అందుకు వాటిని పురికొల్పేది వింట్ అనే మాంసకృత్తు. కణపు పొరమీద ఫ్రిజిల్డ్ అనే గ్రాహకము దానిని అందుకొని లోపలికి కబురు పంపుతుంది.

కబురు మితిమీరితే కణములు విపరీతముగా పెరిగి కంతి కడతవి. అందుచేత ఆ పొరలోనే ఇద్దరు కావలివాండ్రున్నారు: ఆర్.ఎన్.ఎఫ్.43, జడ్.ఎన్.ఆర్.ఎఫ్.3. పేర్లు మా ఆఫీసు ఫైళ్ల నంబర్లవలె ఉన్నవి గాని, పని మెచ్చదగినది. ఇవి పొరలో పాతుకొని ఉండే ఎంజైములు. గ్రాహకపు లోపలి భాగమునకు యుబిక్విటిన్ అనే చీటీ తగిలించుట వీటి ఉద్యోగము. 76 అమైనో ఆమ్లముల చిన్న మాంసకృత్తే ఆ చీటీ. చీటీ పడిన గ్రాహకమును కణము లోపలికి లాగుకొని, లైసోజోము అనే సంచిలో జీర్ణము చేసుకొంటుంది. అందుకొనేవారు తగ్గితే కబురూ తగ్గుతుంది. ఈ చీటీల పద్ధతిని కనిపెట్టినందుకే 2004లో సీకనోవర్, హెర్ష్కో, రోజ్ అనే శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చినది.

మాకు అన్నిటికంటె వింతగా తోచినది మరొకటి. ఈ కావలివాండ్రను పుట్టించేది కూడ వింట్ కబురే! తన్ను అదుపుచేసేవారిని తానే నియమించుకొంటుందన్నమాట. మరి కణములు విరివిగా కావలసినప్పుడో? ఇరుగుపొరుగు కణములు ఆర్-స్పాండిన్ అనే మాంసకృత్తును విడుస్తవి. అది ఒక చేత ఎల్.జి.ఆర్. అనే మరొక గ్రాహకమును, రెండవ చేత కావలివానిని పట్టుకొంటుంది. అంతట కావలివాడే పొరమీదనుండి లోపలికి పోతాడు, ఫ్రిజిల్డ్ నిలుస్తుంది.

2012లో హాలెండులోని ఉట్రెక్టు నగరమున హ్యూబ్రెక్ట్ సంస్థవారు ఎలుకల పేగులలో ఈ రెండు జన్యువులను ఒకేసారి తొలగించి చూచిరి. త్వరలోనే కంతులు లేచినవి. మనుష్యులలో కూడ కొన్ని పెద్దపేగు కాన్సర్లలో ఆర్.ఎన్.ఎఫ్.43 జన్యువు చెడి ఉండుట కనబడినది. అరుదుగా కొన్ని కుటుంబములలో ఈ లోపము తల్లిదండ్రులనుండి బిడ్డలకు దిగుతుంది. అట్టివారికి పెద్దపేగులో కంతులు అనేకము లేవవచ్చును. డాక్టర్లు కొలొనోస్కోపీ చేసి, అవి కాన్సరుగా మారకముందే తీసివేస్తారు. కనుక ఇంటిలో పెద్దలకు ఈ జబ్బు వచ్చియుంటే, సిగ్గుపడి దాచక, డాక్టరు అడిగినప్పుడు ఎవరికి ఏ వయస్సులో వచ్చినదో చెప్పవలెను.