సత్యభామ జడ ఎవరిది?



బడులు తెరిచే రోజులొస్తే మా కారంచేడులో నలుగురు ఆడవాళ్ళు కలిసినచోటల్లా ఒక మాట వినబడుతుంది. "అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చింది, ఇక డాన్సు మాన్పించేశాం" అని. అయిదేళ్ళపాటు చీరాలకు బస్సులో తిప్పుతాం. మాస్టారుకి నెలనెలా ఫీజు కడతాం. వార్షికోత్సవానికి పట్టు డ్రెస్సు కుట్టించి, ఫోటో తీయించి గోడకు తగిలిస్తాం. ఆపైన గజ్జెలు మూటగట్టి అటక మీద పెట్టేస్తాం. ఎవరింటి ఇబ్బందులు వాళ్ళవి, కాదనను. కానీ ఆ గజ్జెలు మన ఆడపిల్లల కాళ్ళదాకా రావడానికి ఎంతకాలం పట్టిందో తెలిస్తే, మాన్పించేముందు ఒక్క క్షణం ఆగుతాం. అందుకే ఈ వారం శోభానాయుడు గారి గురించి చెప్పుకుందాం.

ముందు ఆవిడకు పేరు తెచ్చిన వేషం సంగతి. కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ రంగం మీదికి వచ్చే తీరే వేరు. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. ఆ తెర మీదుగా ముందు జడ మాత్రమే కనబడుతుంది. మామూలు జడ కాదు, సూర్యుడు, చంద్రుడు, నాగు, చివర జడకుప్పెలు, అన్నీ ఉన్న జడ. తెర మీద జడ వేయడమంటే సవాలు విసరడమన్నమాట. ఆటపాటల్లో నన్ను గెలిచేవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, ఓడితే ఈ జడ ఇచ్చేస్తాను అని అర్థం. అంత గీర గల సత్యభామ, కృష్ణుడు అలిగి వెళ్ళిపోయేసరికి విలవిల్లాడిపోతుంది. చెలికత్తె మాధవిని బతిమాలుకుంటుంది, ఉత్తరం రాసి పంపుతుంది. మొగుడూపెళ్ళాల తగువే కదా కథంతా! మన ఇళ్ళల్లో రోజూ ఉండేదే.

మరి ఈ ఆడదాని గీర, ఈ ఆడదాని బాధ రంగం మీద చూపించింది ఎవరనుకున్నారు? మగవాళ్ళు. కృష్ణా జిల్లా మొవ్వ దగ్గర కూచిపూడి ఉంది. (మన అమృతలూరు దగ్గర కూడా ఒక కూచిపూడి ఉంది, అది వేరు.) సిద్ధేంద్రయోగి భామాకలాపం కూర్చి ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకు నేర్పారని చెబుతారు. తరతరాలుగా ఆడవేషాలు కట్టింది కూడా వాళ్ళే. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా ఎంత పేరు పొందారో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

నాటకాల సంగతీ అంతే. మన బాపట్లలోనే 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారున్నారు. చంద్రమతి వేషగాడు రాకపోతే ఆ వేషం కట్టి నాటకాల్లోకి వచ్చిన మనిషి. తరవాత తెనాలి రామవిలాససభలో శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా, చింతామణిగా, దేవదేవిగా ఊళ్ళకు ఊళ్ళను కదిలించారు. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మగవాడంటే జనం నమ్మేవారు కాదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

వాళ్ళు గొప్పవాళ్ళు, సందేహం లేదు. కానీ అంత గొప్ప వేషం ఆడదానికి ఎందుకు దక్కలేదు? ఆడవాళ్ళకు చేతకాక కాదు. గోదావరి జిల్లాల్లో కళావంతుల ఇళ్ళ ఆడవాళ్ళు భామాకలాపం ఆడేవారు, బ్రహ్మాండంగా ఆడేవారు. అయితే లోకం వాళ్ళ ఆటను మెచ్చుకుంది గాని వాళ్ళకు మర్యాద ఇవ్వలేదు. ఆ చిన్నచూపుకు భయపడి సంసారుల ఇళ్ళల్లో ఆడపిల్ల కాలికి గజ్జె కట్టనివ్వలేదు. ఇటు వాళ్ళకూ అన్యాయమే, అటు వీళ్ళకూ అన్యాయమే.

ఈ కట్టు సడలించినవాళ్ళలో ముఖ్యులు వెంపటి చినసత్యం గారు. ఆయన కూచిపూడిలో పుట్టి మద్రాసు వెళ్ళారు. 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకు నేర్పారు. నృత్యనాటకాల్లో పెద్ద వేషాలు వాళ్ళకే ఇచ్చారు. ఆయన శిష్యురాళ్ళలో మేటి మన శోభానాయుడు.

శోభానాయుడు గారు 1956లో అనకాపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి సరోజినీదేవి గారు రాజమండ్రిలో పి.ఎల్. రెడ్డి గారి దగ్గర నాట్యంలో పెట్టారు. అక్కడితో సరిపెట్టుకోకుండా మద్రాసులో చినసత్యం గారి దగ్గర చేర్పించారు. డిగ్రీ చదువు క్వీన్ మేరీస్ కాలేజీలో, నాట్యం గురువుగారి దగ్గర. చదువు కోసం నాట్యం మాన్పించలేదు, నాట్యం కోసం చదువూ మాన్పించలేదు. ఈ సంగతి తల్లులందరం గుర్తుపెట్టుకోవాలి.

సత్యభామ, శ్రీనివాస కల్యాణంలో పద్మావతి, చండాలిక, ఈ మూడు వేషాలతో ఆవిడ పేరు మారుమోగింది. మూడూ మూడు రకాల ఆడవాళ్ళు. ఒకావిడ రాణి, అందం తెచ్చిన గర్వం. ఒకావిడ కొత్త పెళ్ళికూతురు, సిగ్గు. మూడోది అంటరానిదని లోకం వెలివేసిన పిల్ల, దాహం వేసిన భిక్షువుకు నీళ్ళివ్వడానికి కూడా జంకే పిల్ల. ఆ ముగ్గురినీ ఒకే మనిషి ముఖంలో చూపించాలి. మోకాళ్ళు పక్కలకు వంచి అరమండిలో నిలబడాలి, కాళ్ళు తాళం తప్పకూడదు, కళ్ళు కథ చెప్పాలి. తరంగమైతే ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలబడి ఆడాలి. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇక్కడ కుదరదు!

అంత పేరొచ్చాక సినిమాలవాళ్ళు పిలవకుండా ఉంటారా? పిలిచారు. ఆవిడ వద్దనుకుని రంగస్థలాన్నే పట్టుకున్నారు. 1980లో, అంటే ఇరవై నాలుగేళ్ళ వయసులో, హైదరాబాదులో శ్రీనివాస కూచిపూడి ఆర్ట్ అకాడమీ బాధ్యత తలకెత్తుకున్నారు. అక్కడ వందలమంది పిల్లలకు నేర్పారు. పెళ్ళయింది, సంసారం ఉంది, నాట్యమూ సాగింది. సొంతంగా నృత్యనాటకాలు కూర్చారు. అందులో విప్రనారాయణ ఒకటి. మన బాపట్ల స్థానంవారు దేవదేవి వేషం కట్టిన కథే. మగవాడి చేతిలో వెలిగిన కథను ఒక ఆడమనిషి తన చేత్తో మళ్ళీ కూర్చింది చూడండి! 2001లో ఆవిడకు పద్మశ్రీ వచ్చింది. 2020 అక్టోబరులో, అరవై నాలుగేళ్ళకు, హైదరాబాదులో కన్నుమూశారు. అకాడమీ మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కేస్తే నలభై ఏళ్ళ సేవ.

ఇది మన దేశం మాటే అనుకోకండి. అమెరికాలో న్యూయార్కు నగరంలో బ్రాడ్వే అని ఒక వీధి ఉంది. ఒకప్పుడు మనకు తెనాలి ఎలాగో, నాటకాలకు వాళ్ళకు బ్రాడ్వే అలాగ. ఆడుతూ పాడుతూ నటించే నాటకాలు అక్కడ నెలల తరబడి, ఏళ్ళ తరబడి నడుస్తాయి. ఆ బ్రాడ్వేలో చీటా రివేరా అని ఒక మహా నర్తకి ఉండేది. 1933లో పుట్టింది. ఏడేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లి ఉద్యోగం చేసి పిల్లల్ని పెంచింది. ఈ పిల్ల ఇంట్లో గెంతులేస్తూ బల్ల విరగ్గొడితే, మనమైతే వీపు మీద రెండు వేసేవాళ్ళం. ఆ తల్లి తీసుకెళ్ళి బాలే నాట్యంలో చేర్పించింది!

1957లో వెస్ట్ సైడ్ స్టోరీ అనే నాటకంలో అనితా వేషంతో చీటా పేరు దేశమంతా తెలిసింది. మరుసటి ఏడు అదే నాటకం లండన్‌లో వేయాల్సి వచ్చింది. ఆవిడ నెలలు నిండిన మనిషి. పురుడు పోసుకుని కోలుకునే దాకా ఆగి అప్పుడు మొదలుపెట్టారు. ఇంకెవరినో పెట్టుకుని కానివ్వలేదు. నాకు ఈ విషయం తెలిసినప్పుడు ఎంత ముచ్చటేసిందో! అయితే ఆ నాటకాన్ని 1961లో సినిమా తీసినప్పుడు ఆ వేషం రీటా మొరెనోకు వెళ్ళింది, ఆస్కారు కూడా రీటాకే వచ్చింది. చీటా కుంగిపోలేదు, రంగస్థలం మీదే ఉండిపోయింది. 1986లో కారు ప్రమాదంలో ఎడమకాలు 12 చోట్ల విరిగింది. ఇక ఆట కట్టే అన్నారు అందరూ. మరలు బిగించిన అదే కాలితో మళ్ళీ సాధన చేసి, 1993లో అరవై ఏళ్ళ వయసులో టోనీ అనే పెద్ద బహుమానం అందుకుంది. అప్పటికే 1984లో ఒకటి వచ్చింది, ఇది రెండోది. 2024 జనవరిలో తొంభై ఒకటో ఏట పోయింది.

అనకాపల్లి పిల్లకూ అమెరికా పిల్లకూ పోలికేమిటంటే, ఇద్దరి వెనకా తల్లి ఉంది. నేర్పించేటప్పుడు గట్టిగా నిలబడింది, మధ్యలో చేయి వదల్లేదు. మేటి గురువు ఎవరైనా సరే, పిల్లను రోజూ ఆ గడప దాకా తీసుకెళ్ళేది తల్లే కదా.

అందరి పిల్లలూ శోభానాయుడులు కాలేరు, నిజమే. పట్టు డ్రెస్సులూ నగలూ అందరి వల్లా కాదు, అదీ నిజమే. కానీ డ్రెస్సు అద్దెకు తెచ్చుకోవచ్చు, పండక్కి ఒక చీర తగ్గించుకోవచ్చు. పరీక్షల ఏడాది వారానికి మూడు క్లాసులు ఒకటి చేసుకోవచ్చు. పూర్తిగా తెంపేయక్కర్లేదు. రోజూ పొద్దున అరగంట పెరట్లో అడవులు వేసుకున్నా పట్టు పోదు. మోకాలు నొప్పి అంటే మాత్రం నిర్లక్ష్యం చేయకుండా డాక్టరుకు చూపించి, మాస్టారుకి చెప్పండి. గచ్చు నేల మీద ఆడిస్తుంటే కింద చాప గాని జంపకానా గాని జారకుండా పరవమనండి. పిల్లకు పాలు, గుడ్డు, వేరుశెనగ ఉండ ఏదో ఒకటి తప్పకుండా పెట్టండి, ఆ ఆటకు బలం కావాలి.

అన్నిటికంటే ముందు ఆ పిల్లను అడగండి. "నీకు మానాలని ఉందా, మేమే మాన్పిస్తున్నామా?" అని. తనకే ఇష్టం లేకపోతే సంతోషంగా మాన్పించండి. ఇష్టమంటే మాత్రం, బంధువులేమంటారో అని, పెళ్ళివారేమంటారో అని వెనకాడకండి. తెర మీద జడ వేసి సవాలు విసిరే హక్కు మన ఆడపిల్లకు చాలా ఆలస్యంగా దక్కింది. దాన్ని మన చేతులతో మనమే లాక్కోవద్దు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.