ఏది మతము?

హైదరాబాదునకు పడమట, గండిపేట చెరువునకు సమీపమున, మొయినాబాదు మండలములో చిలుకూరు బాలాజీ దేవాలయమున్నది. అచ్చట హుండీ లేదు. కోరిక కోరువారు 11 ప్రదక్షిణములు, అది తీరినవారు 108 ప్రదక్షిణములు చేయుదురు. విదేశములకు పోగోరి వచ్చు యువకులు పెక్కుమంది యగుటచే 'వీసా బాలాజీ' యను పేరును స్వామికి వచ్చినది.

దీనిని చూచి తార్కికుడు నవ్వును: "వీసా నిచ్చునది రాయబార కార్యాలయము గాని దేవుడా?" భక్తుడు నొచ్చుకొని, "దేవుడే లేడనువానికి మతమెక్కడిది, నీతి యెక్కడిది?" అనును. పాఠశాలల వక్తృత్వపు పోటీలలో సైతము వాదము ఇచ్చటనే ఆగిపోవుచుండును. దైవమున్నాడనుటయే మతమని ఉభయులును ముందే యొప్పుకొనుటయే ఇందలి చిక్కు.

మన దర్శనముల చరిత్ర దీని నంగీకరింపదు. మీమాంసకులు వేదమును పరమప్రమాణముగా గొనిరి. జగత్కర్త యగు ఈశ్వరుని మాత్రము వలదనిరి. సాంఖ్యకారిక ఈశ్వరుని ప్రసక్తి లేకయే సృష్టిక్రమమును వివరించినది. జైన బౌద్ధములు సృష్టికర్త లేకయే మహామతములైనవి. 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీంకోర్టు సైతము, మతమునకు దైవవిశ్వాసము తప్పనిసరి కాదని, ఈ రెండు మతములనే నిదర్శనముగా జూపినది.

అట్లని దైవాస్తిత్వ చర్చ వ్యర్థము కాదు. ఉదయనుడు న్యాయకుసుమాంజలిని రచించినది ఈశ్వరసిద్ధి కొరకే. అట్టి వాదము బుద్ధికి పదును పెట్టును. కాని మనుష్యుడు తాను పరమమని నమ్మినదానికి ఎంతవరకు కట్టుబడియున్నాడో ఆ వాదము చెప్పజాలదు. దానిని అతని నడవడియే చెప్పవలెను.

2018 ఏప్రిల్‌లో చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ హైదరాబాదులోని జియాగూడ రంగనాథాలయమున ఒక దళిత భక్తుని తన భుజములపై నెక్కించుకొని గుడిలోనికి గొనిపోయిరి. ఆ సేవకు 'మునివాహనము' అని పేరు. అస్పృశ్యుడని దూరముగా నుంచబడిన తిరుప్పాణాళ్వారును లోకసారంగముని శ్రీరంగనాథుని సన్నిధికి మోసికొనిపోయెనను వైష్ణవ సంప్రదాయ కథయే దానికి మూలము. కథను వినిపించుట సులభము. భుజము నిచ్చుట కష్టము.

ఈ పనినే వేరొక త్రోవను చేసినవాడు గోరా. దేవుడు లేడని నిష్కర్షగా బలికిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించెను. సహపంక్తి భోజనములతో అస్పృశ్యతపై పోరాడెను. తన కుమార్తెను దళిత యువకునకిచ్చి వివాహము చేయ నిశ్చయించెను. ఆ వివాహమున దైవము పేరునకు మారుగా సత్యము పేర ప్రమాణము చేయించుటకు పరమాస్తికుడైన గాంధీజీ సమ్మతించెను. 1948 జనవరిలో గాంధీజీ హతుడయ్యెను. ఆ మార్చిలో సేవాగ్రామముననే ఆ పెండ్లి జరిగెను.

అర్చకుడు దైవమున్నాడని నమ్మి మోసెను. గోరా లేడని నమ్మి కలిపెను. సిద్ధాంతమున ఉత్తర దక్షిణ ధ్రువములు. సాటిమనుష్యుని యెడ ఒక్కటే నడవడి. ఇందుచే గోరాను కూడ మతస్థుడని పిలుచుట తగదు. ఆ పేరును ఆయన కోరలేదు; ఒల్లనివానికి దానిని తగిలించుట గౌరవము కాదు. కాని ఆయనకు నీతి లేదనువాని మతమును మాత్రము శంకింపవలసియుండును. అట్లే, కోరిక తీరగనే ముగియు ప్రదక్షిణము బేరముగనే మిగులును. సాటివాని గడప వరకు సాగినదే మతము.

కావున ఉపాధ్యాయులు తరగతిలో "దేవుడున్నాడా?" అను ప్రశ్నను నిశ్శంకగా అడుగనిండు. విద్యార్థి అవునన్నను కాదన్నను మార్కులు తగ్గింపనక్కరలేదు. పిమ్మట రెండవ ప్రశ్న వేయవలెను: "నీ సమాధానము, నీ ప్రక్కబల్లపై కూర్చున్నవానిని ఎట్లు చూడుమని నీకు జెప్పుచున్నది?" తడబడవలసినది అక్కడనే.