ఇల్లూ - అంగడీ: తరిగిన తూకం

బైలాడిల్లా అంటే ఎద్దు మూపురం. ఆ మూపురం నీడన కిరండూల్‌లోనూ బచేలీలోనూ కాపురాలు పెట్టిన తెలుగు కుటుంబాలకు అంగడి సరుకు సొంత ఊరి నుంచి వచ్చిన చుట్టం వంటిది. 1968లో కిరండూల్‌లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలైంది. కొత్తవలస రైలుమార్గం మీదుగా ఖనిజం విశాఖ రేవుకు దిగిపోతుండగా, ఎదురు దిశలో వచ్చే ప్రయాణికుల బండిలో మన ఆవకాయ జాడీలు, అప్పడాల కట్టలు, కాఫీపొడి పొట్లాలు కొండ ఎక్కేవి. సెలవుల నుంచి తిరిగివచ్చిన వారి సంచులు విప్పేదాకా ఇరుగుపొరుగు పిల్లలకు నిద్ర పట్టేది కాదంటే అతిశయోక్తి కాదు.

నలుగురు పాతకాపులు కూడినచోట కనుమరుగైన సరుకుల ప్రస్తావన రాక మానదు. ముందుగా వినిపించే పేరు గోల్డ్ స్పాట్. 1993లో పార్లే వారి శీతల పానీయాలు కోకా-కోలా చేతికి వెళ్లిన తరువాత ఆ నారింజరంగు సీసా క్రమంగా తెరమరుగైంది. ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మనకు మరింత ఆత్మీయమైనది డబుల్ సెవెన్. 1977లో కోకా-కోలా దేశం విడిచి వెళ్లినప్పుడు, ఆ లోటు తీర్చడానికి కేంద్రప్రభుత్వ సంస్థ అయిన మోడరన్ ఫుడ్ ఇండస్ట్రీస్ దానిని తయారుచేసింది. పానీయం నిలువలేదు, 2000లో ఆ సంస్థ కూడా ప్రైవేటు పరమైంది.

కొన్ని సరుకులు పోలేదు, మారాయి. 1937లో మన దేశంలో అడుగుపెట్టిన డాల్డా పేరు నేటికీ ఉన్నది. పసుపు రేకుడబ్బా మాత్రం వంటింటి నుంచి తప్పుకున్నది. ఖాళీ అయిన డబ్బాలో తులసి మొక్క నాటని ఇల్లు ఆ రోజులలో అరుదు. లోపలి పదార్థమూ మునుపటిది కాదు. గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వులు నూనెలలోనూ వనస్పతిలోనూ రెండు శాతానికి మించరాదని 2022 జనవరి నుంచి నిబంధన అమలులో ఉన్నది. పాత రుచి పోయిందని విచారించే వారికి మా మనవి ఒక్కటే: ఈ మార్పు మన మేలుకే జరిగింది. అలాగే హార్లిక్స్ గాజు సీసా. మన రాజమండ్రి చెంత ధవళేశ్వరంలో తయారయ్యే ఆ పొడి అయిపోగానే, కడిగి ఎండబెట్టిన సీసాలో నిమ్మకాయ ఊరగాయ చేరేది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలలో పచ్చడి పెట్టడానికి మా ఇంట మనసొప్పదు.

ఇవన్నీ కంటికి కనిపించే మార్పులు. కనిపించని మార్పు ఒకటి మాకు ఇటీవల గట్టి పాఠం చెప్పింది.

మా అమ్మగారి పాయసానికి ఒక లెక్క ఉన్నది. ఒక పొట్లం సేమ్యాకు ఒక లీటరు పాలు, పైన నేతిలో వేయించిన గుప్పెడు సారపప్పు. ఆమె గతించిన తరువాత కూడా ఆ లెక్క మా ఇంట వేదవాక్కు. పోయిన సంక్రాంతికి అదే లెక్కన వండిన పాయసం నీళ్లనీళ్లగా వచ్చింది. అతిథుల ముందు చిన్నబోయి, మరునాడు ఉదయం పాలు తెచ్చిన మనిషిని వాకిట్లోనే నిలదీశాము. ఏళ్ల తరబడి కొండ కింది పల్లె నుంచి సైకిలు మీద పాలు తెచ్చిపోసే వాడు. “నీళ్లు కలపలేదు బాబూ” అని ఒక్కమాట అని, తలవంచుకుని వెళ్లిపోయాడు. మరి రెండు రోజులు రాలేదు.

మూడవ నాడు మా శ్రీమతి అలమరలో అడుగున మిగిలిపోయిన పాత పొట్లం కాగితాన్ని తీసి, కొత్తదాని పక్కన పెట్టింది. రంగు అదే, బొమ్మ అదే, ధర అదే ముప్పై రూపాయలు. పాతదాని మీద 200 గ్రాములు, కొత్తదాని మీద 170 గ్రాములు. పాలు చిక్కగానే ఉన్నాయి, తరిగినది సేమ్యా. మేము ఆ సాయంత్రమే పల్లెకు వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాము. అతడు నవ్వి, గుడిసె ముందు మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆ నవ్వు మమ్మల్ని మరింత సిగ్గుపరచింది.

లెక్క చూడండి. తూకం పదిహేను శాతం తగ్గింది. గ్రాము ధర పదిహేను పైసల నుంచి దాదాపు పద్దెనిమిది పైసలకు పెరిగింది. అంటే ధర పదిహేడు శాతానికి పైగా పెరిగినా, పొట్లం మీది అంకె కదలలేదు. పింఛను మీద బతికే ఇంట నెల సరుకులన్నిటా ఇదే జరిగితే, నెలాఖరుకు ముందే డబ్బాలు ఎందుకు ఖాళీ అవుతున్నాయో గృహిణికి అంతుపట్టదు.

ఒకప్పుడు టీ, కాఫీ, బిస్కట్లు, వంటనూనెలు మొదలైన కొన్ని సరుకులను నిర్ణీత పరిమాణాలలోనే పొట్లం కట్టాలని నియమం ఉండేది. 2021 నవంబరులో వెలువడిన సవరణతో ఆ పట్టిక తొలగింది. దానికి బదులుగా గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో పొట్లం మీద ముద్రించాలన్న నిబంధన వచ్చింది. అక్షరాలు చిన్నవే. అయినా కళ్లజోడు పెట్టుకుని చదవదగిన అంకె అదొక్కటే.

తూకంలో మోసం ఈ గడ్డకు కొత్త కాదు. ఒకప్పుడు బస్తర్ సంతలలో ఆదివాసీలు అడవిలో ఏరి తెచ్చిన సారపప్పుకు, వర్తకులు సమానమైన తూకంలో ఉప్పు కొలిచి ఇచ్చేవారు. కాటా ముల్లు నిటారుగానే నిలిచేది. అన్యాయం మాత్రం రెండు పళ్లేల నడుమ దాగి ఉండేది. మనం పండుగనాడు పాయసంలో చల్లుకునే ఆ గుప్పెడు పప్పు వెనుక అంత కథ ఉన్నది. నేడు మన సేమ్యా పొట్లం తరిగితే మనకు కలిగిన కష్టం స్వల్పమే. కానీ ఆ కష్టానికి కారణం వెదుకుతూ మన చూపు ముందుగా ఎవరి మీద పడింది? వాకిట నిలబడిన పేదవాని మీద. అది ఆలోచించదగిన విషయం.

కావున సోదరీమణులకు మా సూచన. అమ్మగారి లెక్కలను పొట్లాలలో కాక గ్రాములలో రాసి ఉంచుకోండి. సరుకు మార్చి కొన్నప్పుడు నికర బరువు, గ్రాము ధర రెండూ చూడండి. సంతలో సారపప్పు కొనేటప్పుడు బేరం కాస్త తగ్గించండి.

మా ఇంట పాయసం లెక్క ఇప్పుడు రెండు వందల గ్రాముల సేమ్యాకు ఒక లీటరు పాలు. ఉగాదికి అలాగే వండాము. మొదటి గిన్నె పాలు తెచ్చిన వానికే అందించాము. తిని, “ఈసారి పాలు బాగున్నాయా బాబూ?” అని అడిగాడు.